'స్టోరీ' అన్న ఇంగ్లీషు మాటకు తెలుగు ఎంచుకోవడం ఎలా

కొన్నేళ్ళ కిందట, వరదకు ఇళ్ళు పోగొట్టుకున్నవారికి సాయం చేసే ఒక సంస్థ కరపత్రాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చే పని నాకు వచ్చింది. అందులో 'టెల్ అజ్ యువర్ స్టోరీ' అన్న వాక్యం ఉంటే, రెండో ఆలోచన లేకుండా 'మీ కథ మాకు చెప్పండి' అని రాసి పంపాను. ఆ కాగితాన్ని ఎవరిచేతనో చదివించుకున్న ఒక పెద్దావిడ, "కథలు చెప్పడానికి రాలేదు నాయనా, జరిగింది చెప్పుకోవడానికి వచ్చాను" అన్నదని తరువాత తెలిసింది. నిఘంటువు ప్రకారం చూస్తే నేను రాసినదాంట్లో తప్పు లేదు. తెలుగు ప్రకారం చూస్తే మాత్రం, సర్వం కోల్పోయి వచ్చిన మనిషిని నేను పలకరించిన మొదటి మాటలోనే ఆమెను నమ్మడం లేదన్న ధ్వని వినిపించింది. 'మీకు ఏం జరిగిందో మాతో చెప్పండి' అని రాసి ఉంటే సరిపోయేది.

అప్పటి నుంచి 'స్టోరీ' ఎదురైనప్పుడల్లా కొంచెం ఆగడం అలవాటు చేసుకున్నాను. వార్తలు తర్జుమా చేసేవారికీ, ప్రభుత్వ, సంస్థల పత్రాలను తెలుగులోకి తెచ్చేవారికీ, ఉపశీర్షికలు రాసేవారికీ, విదేశాల్లో పిల్లలకు తెలుగు నేర్పే తల్లిదండ్రులకూ పనికొస్తుందన్న ఉద్దేశంతో, నేను పాటించే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

చిక్కు ఎక్కడ ఉందంటే

ఇంగ్లీషు 'స్టోరీ' నిజానిజాల గురించి ఏమీ చెప్పదు. పత్రికలో పడ్డ నిప్పులాంటి నిజమూ స్టోరీయే, పిల్లవాడు హోంవర్కు చేయనందుకు అల్లిన అబద్ధమూ స్టోరీయే. దీనికి ఆ మాట పుట్టుక కొంత కారణం. 'విచారించి తెలుసుకోవడం', 'అలా తెలుసుకున్న విషయం' అన్న అర్థాలున్న గ్రీకు 'హిస్టోరియా' లాటిన్‌లోకి వెళ్ళి, అక్కడి నుంచి పాత ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దిలో ఇంగ్లీషుకు చేరింది. అంటే 'హిస్టరీ', 'స్టోరీ' ఒకే తల్లి బిడ్డలు. చాలాకాలం పాటు ఒకదాని బదులు మరొకటి వాడుకలో ఉండేవి. ఒకటి చరిత్రగా, మరొకటి కథగా వేరుపడ్డాక కూడా 'స్టోరీ'లో ఆ పాత వాసన పోలేదు.

మన 'కథ' దారి వేరు. అది 'చెప్పు' అన్న అర్థం గల సంస్కృత ధాతువు 'కథ్' నుంచి వచ్చింది. ఇంగ్లీషు మాటకు మూలంలో తెలుసుకోవడం ఉంటే, మన మాటకు మూలంలో చెప్పడం ఉంది. చెప్పేది కల్పన కూడా కావచ్చు కాబట్టి, మన పెద్దలు ముందే గీత గీశారు. అమరకోశం 'ఆఖ్యాయికోపలబ్ధార్థా' అని చెప్పి, తెలిసిన విషయం మీద నడిచేది ఆఖ్యాయిక అన్నది. 'ప్రబంధకల్పనా కథా' అని చెప్పి, కల్పించి కూర్చినది కథ అన్నది. ఆఖ్యాయిక అన్న మాట పాఠ్యపుస్తకాల్లో మిగిలిపోయింది గాని, కథకు అంటిన కల్పన రంగు మాత్రం నేటికీ చెరగలేదు.

అయితే ఆ రంగు అన్ని చోట్లా ఒకేలా ఉండదు. సత్యనారాయణ వ్రతంలో అయిదధ్యాయాల కథ వింటున్నంతసేపూ చేతిలో అక్షతలు పట్టుకుని కూర్చుంటాం, అయిపోగానే ఆ కథాక్షతలను తల మీద చల్లుకుంటాం. అక్కడ కథ అంటే కల్పన అని ఎవరికీ తోచదు. తెలంగాణలో ఒగ్గు డోలు మోగించి మల్లన్న కథ చెప్పే కళాకారుడికి గాని, తంబురా పట్టిన బుర్రకథకుడికీ పక్కన వంత పాడే ఇద్దరికీ గాని, కథలోని పాత్రలన్నింటినీ ఒంటిచేత్తో నడిపించే హరిదాసుకు గాని, తాము చెప్పేది అబద్ధమన్న భావం ఉండదు. కాని అదే మాటను పక్కింటివాడికి అంటించి 'వాడి కథ విన్నావా' అనగానే పెదవి ఒక పక్కకు వంకరపోతుంది. 'కథలు చెప్పకు', 'కథలు అల్లకు', హైదరాబాదు వైపు 'కహానీలు చెప్పకు' అన్నవన్నీ అబద్ధాన్ని ఎత్తిచూపే మాటలే. దేవుడి విషయంలో భక్తి, కథల పుస్తకంలో కల్పన, సాటి మనిషి విషయంలో అనుమానం: ఒక్క మాటకు మనవాళ్ళు మూడు ముఖాలు పెట్టారు. 'స్టోరీ'ని తెలుగు చేసేటప్పుడు ఈ మూడింటిలో ఏ ముఖం బయటపడుతుందో చూసుకోవడమే అసలు పని.

ముందుగా, అది ఇల్లా కాదా చూడండి

ఇది వినడానికి నవ్వులాటగా ఉంటుంది గాని, తప్పు జరిగితే నవ్వులపాలయ్యేది ఇక్కడే కాబట్టి మొదట దీన్ని తేల్చుకోవడం మంచిది. భవనం అంతస్తును కూడా ఇంగ్లీషులో 'స్టోరీ' అనే పలుకుతారు. బ్రిటిష్ ఇంగ్లీషు దీన్ని రాతలో వేరు చేసి, చివరి అక్షరానికి ముందు ఒక 'ఇ' చేరుస్తుంది. అమెరికన్ ఇంగ్లీషు ఆ 'ఇ'ని వదిలేసి కథకూ అంతస్తుకూ ఒకే వర్ణక్రమం వాడుతుంది. న్యూయార్కులో 1931లో తెరిచిన ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ '102 స్టోరీ' భవనం అని అమెరికా పత్రికలో కనిపిస్తే, అందులో 102 అంతస్తులున్నాయని అర్థం. ఈ మాట కూడా లాటిన్ 'హిస్టోరియా' నుంచే వచ్చిందని చెబుతారు. భవనాల ముందు భాగంలో వరుసలు వరుసలుగా గీసిన లేదా చెక్కిన బొమ్మల కథల వల్ల ఆ పేరు వచ్చి ఉండవచ్చన్నది ఒక ఊహ మాత్రమే, నిర్ధారణ కాదు. ఏమైనా, తెలుగులో దీనికి 'అంతస్తు' ఉంది. 'ఆస్తీ అంతస్తూ' అన్నప్పుడు అదే మాట హోదాను కూడా చెబుతుంది కాబట్టి, ఇంగ్లీషువారి మాటను చూసి మరీ ఎక్కువ నవ్వుకోవడానికి కూడా లేదు.

అంతస్తుల విషయంలో అసలు జాగ్రత్త లెక్కలో ఉంది. ఇంట్లో మొత్తం ఎన్ని అంతస్తులున్నాయన్న లెక్క దేశం మారినా మారదు; నేల అంతస్తుతో కలిపి రెండుంటే అమెరికాలోనూ 'టూ స్టోరీ' ఇల్లే, ఇంగ్లండులోనూ అంతే. మారేది వరుస. అమెరికావారు నేల అంతస్తునే మొదటిదిగా లెక్కపెడతారు. బ్రిటిష్ పద్ధతిలో పెరిగిన మనం నేల అంతస్తును గ్రౌండ్ ఫ్లోర్ అని పక్కన పెట్టి, దాని పైదాన్ని మొదటి అంతస్తు అంటాం. కాబట్టి అమెరికా కథలో ఒక పాత్ర 'సెకండ్ స్టోరీ' కిటికీలోంచి దూకితే, మన లెక్కలో అతను మొదటి అంతస్తు నుంచి దూకినట్టు. పై అంతస్తు కిటికీలోంచి చొరబడే దొంగను అక్కడ 'సెకండ్ స్టోరీ మ్యాన్' అంటారు. ఆ మాట ఎదురైతే అంకెల జోలికి పోకుండా 'మేడ కిటికీ ఎక్కి దూరే దొంగ' అని రాయడం క్షేమం.

అమెరికాలో ఇల్లు కొనాలని చూసే తెలుగువారికి ప్రకటనల్లో ముందుగా తగిలేది 'సింగిల్ స్టోరీ', 'టూ స్టోరీ' అన్న మాటలే. 'సింగిల్ స్టోరీ'ని 'ఒక అంతస్తు మేడ' అని ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు ఫోనులో చెబితే, కింద ఒకటి, పైన ఒకటి అని వారు అనుకునే ప్రమాదం ఉంది. మేడ అంటేనే మన మనసులో పైన ఇంకొకటి ఉన్నట్టు. 'పైన మేడ లేని ఇల్లు' అనడం సూటిగా ఉంటుంది. కోస్తాలో డాబా, రాయలసీమలో మిద్దె అన్న మాటలు ఉన్నాయి గాని, అవి ఇంటి చదునైన పైకప్పును కూడా గుర్తుచేస్తాయి. అమెరికా ఇంటి వాలు కప్పుకు అవి నప్పవు. ఇక్కడి భవనాల గురించి రాసేటప్పుడైతే, కొందరు నేల అంతస్తును కలుపుకొని, కొందరు వదిలేసి లెక్కపెడుతుంటారు కాబట్టి, అనుమానం ఉన్నచోట అందరికీ తెలిసిన 'జీ ప్లస్ టూ' పద్ధతిలో రాయడమే నయం.

దీనికి చుట్టమైన మరో మాట 'స్టోరీడ్'. భవనానికి ముందు వస్తే అంతస్తులు గలది. మనిషికో, సంస్థకో, జట్టుకో ముందు వస్తే 'పేరు మోసిన', 'ఘనమైన గతం ఉన్న' అని అర్థం. వందేళ్ళ కాలేజీని 'స్టోరీడ్' అంటే 'ఘన చరిత్ర గల' అని రాయాలి. అక్కడ కథలకూ అంతస్తులకూ చోటు లేదు.

ఆ తరువాత, నిజానికి పూచీ ఎవరిదో అడగండి

అంతస్తు కాదని తేలాక వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఈ స్టోరీ నిజమని రాస్తున్నవారు నమ్ముతున్నారా, అబద్ధమని అంటున్నారా, తేల్చకుండా ఊరుకున్నారా? తెలుగు మాట ఈ మూడింటికీ మూడు రకాలుగా ఉంటుంది, మనం ఏది ఎంచుకుంటే ఆ తీర్పు ఇచ్చినట్టే.

రచయిత నమ్మి చెబుతున్నదైతే 'ఉదంతం', 'వృత్తాంతం', 'జరిగిన సంగతి' బాగుంటాయి. 'వృత్తాంతం' కొంచెం పాతబడిన మాట, పురాణ వాసన కొడుతుంది. ఈనాటి సంఘటనకు 'ఉదంతం' మేలు. మనిషి బతుకు మొత్తానికి సంబంధించినదైతే 'జీవిత కథ' అనడంలో దోషం లేదు, ఎందుకంటే పక్కనున్న 'జీవిత' అన్న మాట కథలోని కల్పన రంగును తుడిచేస్తుంది. 'ఆత్మకథ' కూడా అంతే. గాంధీజీ ఆత్మకథ ఇంగ్లీషు పేరులో 'ది స్టోరీ ఆఫ్ మై ఎక్స్‌పెరిమెంట్స్ విత్ ట్రూత్' అని ఉంటే, గుజరాతీ మూలం పేరులో నేరుగా 'ఆత్మకథ' అన్న మాటే ఉంది. సత్యం గురించిన పుస్తకానికి కథ అన్న మాట అడ్డురాలేదు. అంటే కథను ఒంటరిగా వదిలినప్పుడే అనుమానం పుడుతుంది, ముందొక మాట తోడుంటే తగ్గుతుంది. ఈ చిట్కా చాలా చోట్ల అక్కరకు వస్తుంది.

కష్టాన్ని చెప్పుకునే సందర్భంలో మనకున్న మంచి మాట 'గోడు'. తన గోడు చెప్పుకుంది, గోడు వెళ్ళబోసుకుంది అన్నప్పుడు వినేవాడి మనసు చెప్పేవారి వైపు ఉంటుంది. ఇంగ్లీషులో 'సాబ్ స్టోరీ' అంటే మాత్రం జాలి రాబట్టడానికి చెప్పేదన్న ఎత్తిపొడుపు ఉంది. దాన్ని గోడు అంటే మాట మరీ మెత్తబడిపోతుంది. 'ఏడుపు కథ' అనడం అక్కడ సరైనది. ఇక్కడ కథ అన్న మాటలోని అనుమానమే మనకు పనికొస్తుంది.

అబద్ధమని రచయితే చెబుతున్నప్పుడు తెలుగుకు కొరత లేదు గాని, ఉన్న మాటలన్నీ ఒకటి కావు. పోలీసుల ముందు చెప్పిన అబద్ధం 'కట్టుకథ'. పిల్లవాడు చెప్పిన చిన్న అబద్ధం 'కాకమ్మ కథ'. తన గొప్ప చెప్పుకోవడానికి పెంచి చెప్పిన 'టాల్ స్టోరీ'కి కథ అన్న మాటే అక్కర్లేదు, 'కోతలు' చాలు, చెప్పినవాడు కోతలరాయుడు. ఆధారం లేకుండా తరతరాలుగా నోటికొచ్చినట్టు చెప్పుకునేది 'పుక్కిటి పురాణం'. వీటి మధ్య 'పిట్టకథ'ను పెట్టేవారు కొందరున్నారు, అది పొరపాటు. పిట్టకథ అంటే పెద్ద ప్రసంగం మధ్యలో వచ్చే చిన్న కథ. హరికథ నడుమ హరిదాసు చెప్పేది. అందులో అబద్ధమన్న నింద లేదు. ఇంగ్లీషులో పిల్లలను కోప్పడుతూ 'డోంట్ టెల్ స్టోరీస్' అంటే అబద్ధాలు ఆడకు అని. అదే సందర్భంలో 'స్టోరీటెల్లర్' అంటే అబద్ధాలకోరు. దాన్ని 'కథకుడు' అని తర్జుమా చేస్తే తిట్టు కాస్తా సన్మానం అవుతుంది.

నిజమో కాదో తేల్చకుండా వదిలేసిన సందర్భాలే అన్నిటికన్నా కష్టం, కోర్టు వ్యవహారాల్లో ఇవి మరీ ఎక్కువ. మన దేశపు తీర్పుల్లో 'ప్రాసిక్యూషన్ స్టోరీ' అన్న మాట తరచుగా కనబడుతుంది. దాన్ని 'ప్రాసిక్యూషన్ కథ' అంటే కేసు కొట్టేసినట్టే వినిపిస్తుంది. 'ప్రాసిక్యూషన్ కథనం' అనాలి. ఒక్క 'నం' చేరగానే కల్పన పక్కకు తప్పుకుని, 'చెబుతున్న తీరు' అన్న అర్థం ముందుకు వస్తుంది. ముద్దాయి చెప్పేదాన్ని 'వాదన' అనవచ్చు. 'వాంగ్మూలం' మాత్రం అనకూడదు, అధికారి ముందు చెప్పి నమోదైనదే వాంగ్మూలం. 'హర్ సైడ్ ఆఫ్ ది స్టోరీ'కి 'ఆమె వైపు కథ' అన్నది ఇంగ్లీషును ఎత్తి తెలుగులో పడేయడమే; 'ఆమె ఏమంటున్నదంటే' అని మొదలుపెడితే వాక్యం దానంతట అదే తెలుగవుతుంది. 'హి చేంజ్డ్ హిజ్ స్టోరీ'కి 'మాట మార్చాడు', 'హి స్టక్ టు హిజ్ స్టోరీ'కి 'చెప్పిన మాట మీదే నిలబడ్డాడు' అన్నవి మనవాళ్ళు రోజూ అనే మాటలే.

ఊరి పేరు, గుడి పేరు వచ్చిన చోట

పర్యాటక కరపత్రాల్లో 'ది స్టోరీ ఆఫ్' అని మొదలయ్యే శీర్షికలు చాలా ఉంటాయి. లేపాక్షిని తీసుకుందాం. రెక్కలు తెగి పడి ఉన్న జటాయువును చూసి రాముడు 'లే పక్షీ' అన్నాడని, అందుకే ఊరికి ఆ పేరు వచ్చిందని అక్కడివారు చెబుతారు. అదే గుడిని 16వ శతాబ్దిలో, అచ్యుతదేవరాయల కాలంలో, విజయనగర అధికారులైన విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించారు. 'ది స్టోరీ ఆఫ్ లేపాక్షి' అన్న శీర్షిక కింద మొదటిది ఉంటే 'స్థలపురాణం' లేదా 'ఐతిహ్యం' అనాలి, రెండోది ఉంటే 'చరిత్ర' అనాలి. రెండూ కలిపి ఉంటే, నా మట్టుకు నేను 'లేపాక్షి కథ' అనే రాస్తాను; దేవుడి పక్కన నిలబడ్డప్పుడు కథ అన్న మాటకు అనుమానం అంటదని ముందే చూశాం. మన పాత ప్రబంధాల పేర్లలో వచ్చే 'చరిత్ర' మాత్రం ఈనాటి చరిత్ర కాదు, నాయకుడి నడవడిని చెప్పే కథే. వాటిని ఇంగ్లీషులోకి తీసుకెళ్ళేవారు 'హిస్టరీ' అంటే పక్కదోవ పట్టినట్టే.

ఇలాంటి చోట్లనే 'ది స్టోరీ గోస్ దట్' అన్న పలుకుబడి ఎక్కువగా వస్తుంది. దీనికి తెలుగులో ప్రత్యేకంగా వాక్యం రాయనక్కర్లేదు, క్రియకు 'అట' తగిలిస్తే పని అయిపోతుంది. 'ఆయన వరదలో గోదావరి ఈదాడని కథ ఉంది' అనడం కన్నా 'ఆయన వరదలో గోదావరి ఈదాడట' అనడం ఎంత చులాగ్గా ఉందో చూడండి. నేను చూడలేదు, ఎవరో చెబితే విన్నాను, నమ్మడం మీ ఇష్టం అన్న మూడు ముక్కలూ ఆ ఒక్క 'అట'లో ఇమిడిపోయాయి. పిల్లల కథ మొదట్లో వచ్చే 'అనగనగా' కూడా అనగా అనగా విన్నదన్న మాటే కదా. వింటున్న పిల్లవాడు ఊ కొట్టేది కూడా ఆ ఒప్పందం మీదనే. ఇంగ్లీషుకు లేని ఈ సౌకర్యాన్ని వదిలేసి, ప్రతిచోటా 'అని ఒక కథనం' అని రాయడం ఈ మధ్య పత్రికల్లో ఎక్కువైంది. అది నాకు నచ్చదు.

పత్రికల స్టోరీ

విలేకరులు 'స్టోరీ ఫైల్ చేశాను', 'రేపు బైలైన్ స్టోరీ (రాసినవారి పేరుతో అచ్చయ్యేది) వస్తోంది' అని తమలో తాము చెప్పుకుంటారు; ఆ మాటను పాఠకుడి దాకా తీసుకురానవసరం లేదు. రాతలో రెండు మాటలు స్థిరపడ్డాయి. జరిగినదాన్ని అప్పటికప్పుడు చెప్పేది 'వార్త'. దాని వెనుకాముందూ తవ్వి పొడుగ్గా రాసేది 'కథనం'. 'ది స్టోరీ బ్రోక్' అంటే 'వార్త బయటికి పొక్కింది'. 'ఇన్‌సైడ్ స్టోరీ'కి 'తెర వెనుక సంగతి' సరిపోతుంది, రహస్యం పాలు ఎక్కువైతే 'లోగుట్టు'. 'కవర్ స్టోరీ' దగ్గర ఆగి చూడాలి: పత్రిక గురించి మాట్లాడుతుంటే 'ముఖచిత్ర కథనం', గూఢచారి గురించి మాట్లాడుతుంటే తన అసలు పనిని దాచడానికి చెప్పుకునే మాట. 'సక్సెస్ స్టోరీ'కి పత్రికలు 'విజయగాథ' అన్న మాటను తయారుచేసుకున్నాయి. గాథ పెద్ద మాట. పాడుకోదగ్గ ఘనకార్యానికి పెట్టింది. పదో తరగతి ర్యాంకు నుంచి కూరగాయల కొట్టు దాకా అన్నింటినీ గాథలు చేస్తే, నిజంగా గాథ అనవలసినది వచ్చిన రోజున చేతిలో మాట ఉండదు. 'ఎలా నెగ్గుకొచ్చారంటే' అన్న శీర్షిక చాలా సందర్భాల్లో అంతకన్నా బాగా చదివిస్తుంది.

మాటే అవసరం లేని పలుకుబళ్ళు

'స్టోరీ' ఉన్న ఇంగ్లీషు పలుకుబళ్ళలో ఎక్కువ భాగం తెలుగులోకి వచ్చేసరికి ఆ మాటనే వదిలేస్తాయి. 'స్టోరీ ఆఫ్ మై లైఫ్' అని ఎవరైనా నిట్టూరిస్తే వారు ఆత్మకథ మొదలుపెట్టడం లేదు. 'నా రాత ఎప్పుడూ ఇంతే' అంటున్నారు. 'సేమ్ ఓల్డ్ స్టోరీ'కి 'మళ్ళీ పాత పాటే', 'ఎండ్ ఆఫ్ స్టోరీ'కి 'ఇక మాట్లాడేది లేదు', 'ఎ లైక్లీ స్టోరీ'కి 'చెప్పావులే' అన్నవి సరిగ్గా కూర్చుంటాయి. చివరిదాన్ని ఉపశీర్షికల్లో 'నమ్మదగిన కథ' అని రాస్తే అర్థం తలకిందులవుతుంది, ఎందుకంటే అది వెటకారం. 'దట్స్ అనదర్ స్టోరీ'కి 'అది వేరే సంగతి'. తెలంగాణ మాటతీరులో రాస్తుంటే 'ఆ ముచ్చట వేరే'. 'టు కట్ ఎ లాంగ్ స్టోరీ షార్ట్'కి 'టూకీగా చెప్పాలంటే'. 'ఇట్స్ ఎ లాంగ్ స్టోరీ'కి మాత్రం 'అదో పెద్ద కథ' మనదే, దాన్ని మార్చనక్కర్లేదు. 'ది ఫిగర్స్ టెల్ ఎ డిఫరెంట్ స్టోరీ' అన్న వాక్యాన్ని 'అంకెలు వేరే కథ చెబుతున్నాయి' అని రాయడం ఇప్పుడు అలవాటైపోయింది గాని, మన భాషలో అంకెలకు నోరు లేదు. 'అంకెలు చూస్తే సంగతి వేరుగా ఉంది' అంటే చాలు. ఐర్లండులో, ముఖ్యంగా డబ్లిన్‌లో, 'వాట్స్ ది స్టోరీ' అన్నది పలకరింపు. దానికి 'ఏమిటి సంగతులు' అన్నది ఎవరో కొలిచి ఇచ్చినట్టుగా సరిపోతుంది.

సినిమా, సాఫ్ట్‌వేర్, ఫోను

సినిమాలో 'కథ, మాటలు, స్క్రీన్‌ప్లే' అన్న పంపకం మనకు ఎప్పటి నుంచో ఉంది కాబట్టి అక్కడ స్టోరీ అంటే నిస్సందేహంగా కథే. 'స్టోరీ లైన్' అంటే ఇతివృత్తం, 'బ్యాక్‌స్టోరీ' అంటే పాత్ర పూర్వకథ. సాహిత్యంలోనూ చిక్కు లేదు. శ్రీకాకుళంలో 1997లో కాళీపట్నం రామారావు స్థాపించిన కథానిలయం పేరు చూస్తే చాలు, అక్కడ కథ అంటే ఏమిటో ఎవరికీ వివరించనవసరం లేదు.

సాఫ్ట్‌వేర్ వారి 'యూజర్ స్టోరీ' వేరు. 1990ల చివర ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పద్ధతితో వచ్చిన ఈ మాటకు అర్థం: వాడుకరికి ఏం కావాలో, ఎందుకు కావాలో వాడుకరి నోటితో చెప్పినట్టు ఒకటి రెండు వాక్యాల్లో రాసుకున్న పని చీటీ. పని బరువును 1, 2, 3, 5, 8, 13 లాంటి 'స్టోరీ పాయింట్ల'తో కొలవడం చాలా బృందాల్లో ఆనవాయితీ. దీన్ని 'వాడుకరి కథ' అని తెలుగు చేస్తే హైదరాబాదులో గాని, డాలస్‌లో గాని ఏ ఇంజనీరుకూ అర్థం కాదు. యూజర్ స్టోరీ అనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు అర్థం వివరిస్తే చాలు. స్నాప్‌చాట్ 2013లో మొదలుపెట్టగా, ఇన్‌స్టాగ్రామ్ 2016లో అందుకున్న, 24 గంటల్లో మాయమయ్యే 'స్టోరీ' విషయంలోనూ అదే మాట. 'స్టోరీ పెట్టాడు' అన్నది ఇప్పుడు తెలుగే. వాట్సాప్‌లో అదే వస్తువు పేరు స్టేటస్ కాబట్టి ఏ యాప్ గురించి రాస్తున్నారో చూసుకోవాలి, అంతకుమించి ఇక్కడ పట్టించుకోవలసింది లేదు.

ఒక పేరా మీద ప్రయత్నించి చూద్దాం

నేను కల్పించిన ఈ పేరాలో 'స్టోరీ'ని ఎక్కడికక్కడ ఇంగ్లీషులో ఉన్నట్టే ఉంచాను:

"ఆ మూడు స్టోరీల బిల్డింగు కూలిన స్టోరీని మా విలేకరి రాశాడు. బిల్డర్ స్టోరీ ఒకలా ఉంది, అద్దెకున్నవారి స్టోరీ ఇంకోలా ఉంది. ఇంజనీరు రోజుకో స్టోరీ చెబుతున్నాడు. కూలే ముందు రాత్రి గోడల్లోంచి చప్పుళ్ళు వచ్చాయని స్టోరీ. ఏ ఊళ్ళో చూసినా ఇదే స్టోరీ."

మొదట భవనం సంగతి తేల్చుకోవాలి: మొదటి 'స్టోరీ' అంతస్తు, రెండోది వార్త. బిల్డరూ అద్దెదారులూ చెబుతున్నవి ఇంకా తేలలేదు కాబట్టి ఇద్దరికీ సమానమైన మాటలే వాడాలి. ఒకరిది వాదన, మరొకరిది కథ అనకూడదు. చప్పుళ్ళ సంగతి 'అట'తో పోతుంది. చివరిది పలుకుబడి.

"ఆ మూడంతస్తుల భవనం కూలిన వార్తను మా విలేకరి రాశాడు. బిల్డర్ చెబుతున్నది ఒకలా ఉంది, అద్దెకున్నవారు చెబుతున్నది ఇంకోలా ఉంది. ఇంజనీరు రోజుకో మాట అంటున్నాడు. కూలే ముందు రాత్రి గోడల్లోంచి చప్పుళ్ళు వచ్చాయట. ఏ ఊళ్ళో చూసినా ఇదే తంతు."

ఏడు స్టోరీలు పోయి ఒక్క కథ కూడా రాలేదు. 'ఇంజనీరు రోజుకో కథ చెబుతున్నాడు' అని రాయాలన్న ఆశ ఏ తెలుగువాడికైనా కలుగుతుంది, వాక్యం కూడా అందంగానే ఉంటుంది. కాని ఆ మాట రాస్తే అతను అబద్ధమాడుతున్నాడని పత్రిక తేల్చేసినట్టే. విచారణ ముగిసి, అతను చెప్పింది అబద్ధమని రుజువైన రోజున రాసే వార్త కోసం దాన్ని అట్టేపెట్టుకోవచ్చు.